ఇంటి పోకర్ టోర్నమెంటు: మార్చుకోదగిన నియమాలు, ముట్టుకోకూడనివి

ఇంట్లో పోకర్ టోర్నమెంటు పెట్టేవాళ్ళు నియమాల దగ్గర సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతారు. కొందరు లాస్ వేగాస్‌లో జరిగే పెద్ద టోర్నమెంటు షెడ్యూలును ఉన్నదున్నట్టు తెచ్చి పదిమంది స్నేహితుల మీద పెడతారు. అర్ధరాత్రి దాటినా ఆరుగురు ఇంకా బల్ల చుట్టూనే ఉంటారు, ఆడేవాళ్ళకు ఓపిక ఉండదు, చూసేవాళ్ళకు నిద్ర వస్తుంటుంది. ఇంకొందరు "మనవాళ్ళమే కదా" అనుకుని ముందుగా ఏమీ చెప్పరు. మొదటి పెద్ద పాట్ దగ్గరే మాటా మాటా పెరుగుతుంది.

ఈ రెండింటికీ మూలం ఒకటే అని నా అభిప్రాయం. పోకర్ టోర్నమెంటు నియమాల్లో రెండు రకాలున్నాయి. ఒక్కొక్కరికి ఎన్ని చిప్స్, బ్లైండ్స్ (ప్రతి ఆటకు ముందు ఇద్దరు తప్పనిసరిగా కట్టే పందేలు) ఎంతసేపటికి పెరగాలి, ఓడినవాళ్ళు తిరిగి చేరొచ్చా, బహుమతి ఎందరికి అన్నవి కొలతలు. ఎవరి వంతు ఎప్పుడు, నోటితో అన్న మాటకు కట్టుబడాలా, జేబులోంచి మధ్యలో డబ్బు తీయొచ్చా, ముక్కలు ఎప్పుడు చూపించాలి అన్నవి న్యాయానికి సంబంధించినవి. కొలతలను ఎవరి ఇంటికి తగ్గట్టు వాళ్ళు మార్చుకోవచ్చు, మార్చుకోవాలి కూడా. న్యాయం మాత్రం వేగాస్‌లో ఎలా ఉందో మన డైనింగ్ టేబుల్ మీదా అలాగే ఉండాలి. ఇళ్ళలో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. కొలతలను భక్తిగా కాపీ కొడతారు, న్యాయాన్ని మొహమాటానికి వదిలేస్తారు.

టోర్నమెంటు అన్న పద్ధతే మొదట్లో లేదు. 1970లో లాస్ వేగాస్‌లోని హార్స్‌షూ క్యాసినోలో బెన్నీ బినియన్ మొదటి వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ పెట్టినప్పుడు జానీ మాస్‌ను విజేతగా నిర్ణయించింది తోటి ఆటగాళ్ళ ఓటు. మరుసటి ఏడాది నుంచే, అందరూ సమానమైన చిప్స్‌తో మొదలుపెట్టి, అవి అయిపోయినవాళ్ళు లేచిపోతూ, చివరికి ఒక్కరు మిగిలే పద్ధతి వచ్చింది. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్‌లో చిన్న పోటీ గెలిచి అక్కడికి వెళ్ళి 25 లక్షల డాలర్లు గెలుచుకున్నాక ఈ ఆట ప్రపంచమంతా ఇళ్ళలోకి వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే, 2001లో, క్యాసినోకో రకంగా ఉన్న నియమాలను ఒక తాటి మీదికి తేవడానికి టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్ ఏర్పడింది. వాళ్ళ నియమావళి మొదట్లోనే, వివాదం వచ్చినప్పుడు నియమంలోని అక్షరం కంటే ఆట న్యాయంగా సాగడం ముఖ్యమన్న అర్థం వచ్చే మాట ఉంటుంది. ఇంట్లో ఆట నడిపేవాళ్ళు నియమావళిలో మిగతాదంతా మరిచినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి.

డబ్బు సంగతి అన్నిటికంటే ముందు తేల్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1974 నాటి గేమింగ్ చట్టమే ఆధారం. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1960ల చివర రమ్మీని ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆటగా గుర్తించింది. పోకర్‌కు సుప్రీంకోర్టు నుంచి అలాంటి తీర్పు లేదు. పైగా తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను ఇంకా బిగించాయి. 2025లో వచ్చిన కేంద్ర చట్టం ఆన్‌లైన్ ఆటలకు సంబంధించింది కాబట్టి ఇంటి బల్ల దాని పరిధిలోకి రాదు, రాష్ట్ర చట్టం మాత్రం ఇంట్లోనూ ఉంటుంది. అందుకని హైదరాబాదులోనో విజయవాడలోనో టోర్నమెంటు పెడితే డబ్బు లేకుండా పెట్టండి. టెక్సస్‌లో పరిస్థితి వేరు. ప్రైవేటు స్థలమై ఉండి, గెలుపు తప్ప మరే లాభమూ ఎవరికీ ముట్టకుండా, అందరికీ అవకాశం సమానంగా ఉంటే అక్కడి చట్టం ఆటగాళ్ళకు రక్షణ ఇస్తుంది. డాలస్ చుట్టుపక్కల ఆడే తెలుగువాళ్ళకు దీని అర్థం ఒకటే: ఇంటివాళ్ళు బల్ల మీంచి కమీషన్ తీయకూడదు. భోజనం ఖర్చు కూడా బహుమతి డబ్బులోంచి కాకుండా విడిగా పంచుకోవడం మేలు.

డబ్బు లేకపోతే ఎవరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడరనీ, మొదటి ఆటలోనే ఆల్-ఇన్ అంటారనీ ఫిర్యాదు ఉంది. అందులో నిజం ఉంది. దానికి మందు ఒక్క రాత్రి ఆటలో దొరకదు, ఏడాది పొడుగునా సాగే వరుసలో దొరుకుతుంది. నెలకో ఆట పెట్టి, ఎవరు ఎంతమందిని దాటి నిలిచారో అన్ని పాయింట్లు ఇచ్చి, గెలిచినవారికి ఇంకో 3 కలిపి, ఏడాది చివరి ఆటలో ఆ పాయింట్లకు తగ్గట్టు చిప్స్ ఇవ్వండి. ఏడాది చివర పట్టికలో తన పేరు ఎక్కడుంటుందో తెలిసిన మనిషి మొదటి ఆటలో రెండూ ఏడూ పట్టుకుని ఆల్-ఇన్ అనడు.

ఇక కొలతలు. వాటిలో రాజు కాలం. ఇంటి టోర్నమెంటులో అన్ని నిర్ణయాలూ "ఎన్నింటికి ముగియాలి" అన్న ప్రశ్న నుంచి వెనక్కి లెక్కగట్టినవై ఉండాలి. అనుభవజ్ఞులు వాడే లెక్క ఒకటి ఉంది: ఆటలో ఉన్న చిప్స్ మొత్తం సుమారు 20 బిగ్ బ్లైండ్లకు సమానమయ్యే దగ్గర టోర్నమెంటు ముగింపుకు వస్తుంది. పదిమందికి తలా 5,000 ఇస్తే మొత్తం 50,000. దాన్ని 20తో భాగిస్తే 2,500. అంటే బిగ్ బ్లైండ్ 2,500 దగ్గరికి చేరే సమయానికి ఆట ముగుస్తుందని అంచనా వేసుకోవచ్చు. బ్లైండ్స్ 25–50తో మొదలై 50–100, 75–150, 100–200, 150–300, 200–400, 300–600, 400–800, 600–1,200, 800–1,600, 1,000–2,000, 1,500–3,000 అని పెరుగుతూ పోతే 2,500 అనేది 11, 12 లెవెల్స్ మధ్య పడుతుంది. లెవెల్‌కు 20 నిమిషాలైతే మూడు గంటల నలభై నిమిషాల నుంచి నాలుగు గంటల దాకా. ఏడింటికి మొదలుపెట్టి మధ్యలో కాసేపు ఆపినా పదకొండున్నర లోపు అందరూ ఇళ్ళకు వెళ్ళొచ్చు. పిల్లలున్న ఇళ్ళలో లెవెల్‌కు 15 నిమిషాలు పెడితే మూడు గంటలకు అటూ ఇటూ తేలిపోతుంది.

"ఎక్కువ చిప్స్ ఇస్తే ఆట బాగుంటుంది" అనే మాట ప్రతి గుంపులోనూ వినిపిస్తుంది. 5,000 బదులు 10,000 ఇచ్చి అవే బ్లైండ్స్ ఉంచితే ఏమవుతుంది? పై వరుసలో లెవెల్ లెవెల్‌కూ సగటున 40 నుంచి 50 శాతం పెరుగుదల ఉంది కాబట్టి చిప్స్ రెట్టింపైతే సుమారు రెండు లెవెల్స్, అంటే 40 నిమిషాలు పెరుగుతాయి. ఆ 40 నిమిషాలు అందరికీ దక్కవు. మొదట్లో ఔటైనవాళ్ళకు అవి ఎదురుచూపు. నాలుగు గంటల రాత్రికి 100 బిగ్ బ్లైండ్ల ఆరంభం చాలు, నా దృష్టిలో అదే పై హద్దు.

కాలం గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువగా మరిచేది పంచే వేగాన్ని. వంతులవారీగా మనమే కలిపి పంచుకునే బల్ల మీద గంటకు పాతిక ఆటలు సాగితే గొప్ప. అంటే 20 నిమిషాల లెవెల్‌లో ఎనిమిదికి మించవు. పదిమంది ఉన్న బల్ల మీద, పంచే వంతును చూపే బటన్ ఒక చుట్టు తిరగకముందే బ్లైండ్స్ పెరిగిపోతాయి, ఒకరు ఖరీదైన లెవెల్‌లో రెండు బ్లైండ్లూ కడితే ఇంకొకరు ఒక్కటీ కట్టరు. దీనికి గడియారాన్ని మార్చక్కర్లేదు. వేరువేరు రంగుల వెనకభాగం ఉన్న రెండు కట్టలు పెట్టి, ఒకటి పంచుతుండగా అంతకు ముందు పంచినవారు రెండోది కలిపి ఉంచితే చాలు. నన్నడిగితే ఇంటి టోర్నమెంటును బాగుచేసే మార్పుల్లో ఇంత చవకైనది మరొకటి లేదు. ఆట అయిపోయాక "తర్వాతి ముక్క ఏం వచ్చేదో చూద్దాం" అని కట్ట తిప్పి చూసే అలవాటును కూడా ఇదే కారణంతో మానిపించాలి.

ఆట తొందరగా ముగియాలనుకున్నప్పుడు చివరి లెవెల్స్‌ను రెట్టింపు చేస్తూ పోవడం చాలామంది చేసే పని. అది తప్పు. రాత్రంతా జాగ్రత్తగా కూడబెట్టుకున్న చిప్స్‌కు విలువ ఉండాల్సిన చోటే ఆట లాటరీ అయిపోతుంది. కత్తిరించాల్సింది ముందు భాగాన్ని. 50–100తో మొదలుపెట్టండి, 50 బిగ్ బ్లైండ్లతో కూడా చక్కని ఆట సాగుతుంది. యాంటే (బ్లైండ్స్ కాకుండా ప్రతి ఆటకూ అందరి నుంచీ తీసే చిన్న మొత్తం) ఇంటికి అక్కర్లేదు. బిగ్ బ్లైండ్‌లో ఉన్నవారే బల్లందరి తరఫునా యాంటే కట్టే పద్ధతి ఇటీవలి ఏళ్ళలో పెద్ద పోటీల్లో స్థిరపడింది. అక్కడ అది సమయం ఆదా చేస్తుంది, కొత్తవాళ్ళున్న చోట మాత్రం వివరణకే సమయం తింటుంది.

చిప్స్ సంగతి క్లుప్తంగా. తలా 25వి 8, 100వి 8, 500వి 4, 1,000వి 2 ఇస్తే సరిగ్గా 5,000. పదిమందికి 220 చిప్స్ చాలు, 300 ఉన్న పెట్టెతో పని జరిగిపోతుంది. 150–300 లెవెల్ దాటాక 25వి అవసరం లేదు. అక్కడే విరామం పెట్టి వాటిని తీసేయాలి. పెద్ద టోర్నమెంట్లలో మిగిలిన చిల్లర కోసం ముక్కలు పంచి, పెద్ద ముక్క వచ్చినవారికి చిప్ ఇస్తారు. ఇంట్లో అంత తంతు వద్దు, ప్రతి ఒక్కరి చిల్లరనూ పై వందకు సరిచేయండి. అందరికీ కలిపి అదనంగా చేరేది ఎంత ఎక్కువైనా 750, మొత్తంలో ఒకటిన్నర శాతం.

ఇంటి టోర్నమెంటు మీద ఉన్న అసలైన అభ్యంతరం ఇప్పుడు చెబుతాను. స్నేహితులతో నాలుగు గంటలు గడపాలని గంటసేపు కారు నడుపుకుని వచ్చిన మనిషి, తన రెండు రాజులు ఎదుటివారి రెండు ఆసుల చేతిలో ఓడి, ఇరవయ్యో నిమిషంలో లేచిపోవాలి. క్యాసినోలో అది వాళ్ళ ఖర్మ. ఇంట్లో అది ఆతిథ్యానికి సంబంధించిన విషయం. అందుకే రీబై (ఔటైనవాళ్ళు మళ్ళీ చిప్స్ తీసుకుని చేరడం) విషయంలో పట్టుదలకు పోయి "ఒకసారి ఔటైతే ఔటే" అనేవాళ్ళతో నేను ఏకీభవించను.

మన రమ్మీ ఆటగాళ్ళకు ఈ సమస్య కొత్త కాదు. 201 పూల్‌లో ఔటైనవాళ్ళు, మిగిలినవాళ్ళలో ఎవరి స్కోరూ 174 దాటకపోతే, అందరికంటే ఎక్కువ స్కోరుకు ఒకటి కలుపుకుని తిరిగి చేరవచ్చు. 101లో ఆ హద్దు 79. ఈ ఏర్పాటులో ఎంతో వివేకం ఉంది. తిరిగి రానిస్తుంది, అందరికంటే వెనక నిలబెడుతుంది, ఒక దశ దాటాక తలుపు మూసేస్తుంది. పోకర్ రీబైలో కొత్తగా 5,000 ఇస్తే ఆ శిక్ష ఏదని కొందరు అడుగుతారు. అది బ్లైండ్స్‌లో దాగి ఉంది: మొదటి లెవెల్‌లో 100 బిగ్ బ్లైండ్లైన 5,000, నాలుగో లెవెల్‌కు 25 మాత్రమే. తలుపు మూసే వేళను మాత్రం మనమే పెట్టాలి. నాలుగో లెవెల్ చివర, అంటే 80 నిమిషాలకు మూసేయడం సబబు. రీబైలతో మొత్తం చిప్స్ 50,000 నుంచి 70,000కు చేరితే ఆట సుమారు ఒక లెవెల్ పొడుగవుతుందని ముందే లెక్కలో వేసుకోవాలి.

రీబైకి ఇంకో చిక్కు ఉంది. జేబు బరువుగా ఉన్నవాళ్ళు నాలుగుసార్లు కొంటారు, పైసా పైసా లెక్కపెట్టుకునేవాళ్ళు ఒక్కసారికే ఊరుకుంటారు. అప్పుడు తెగించి ఆడే హక్కు డబ్బున్నవాళ్ళకే మిగులుతుంది. దీనికి నాకు నచ్చిన పరిష్కారం రెండు దఫాల స్టాక్. మొదట 3,000 చేతికిస్తారు, మిగతా 2,000కు గుర్తుగా వేరే రంగు బిళ్ళ ఒకటి ఇస్తారు. మొదటి నాలుగు లెవెల్స్‌లో ఎప్పుడైనా, ఆటకూ ఆటకూ మధ్య, ఆ బిళ్ళ ఇచ్చి చిప్స్ తీసుకోవచ్చు. వాడనివాళ్ళకు నాలుగో లెవెల్ చివర ఎటూ ఇచ్చేస్తారు. అందరూ పెట్టేది ఒకటే, అందరికీ రెండో ప్రాణం ఉంటుంది, మొత్తం చిప్స్ పెరగవు కాబట్టి గడియారమూ చెదరదు. దీన్ని ఇంకా ఎక్కువ ఇళ్ళు ఎందుకు పాటించవో నాకు అర్థం కాదు. రెండో ప్రాణమూ పోగొట్టుకున్నవాళ్ళ కోసం పక్కగదిలో రమ్మీ కట్ట ఒకటి సిద్ధంగా ఉంచండి. ముగ్గురు చేరగానే అక్కడో ఆట మొదలవుతుంది.

ఇప్పుడు ముట్టుకోకూడని నియమాల దగ్గరికి వద్దాం. మన ఇళ్ళలో పోకర్‌కు కొత్తగా వచ్చేవాళ్ళు ఖాళీ చేతులతో రారు, మూడు ముక్కలాట, రమ్మీ అలవాట్లతో వస్తారు. ఆ అలవాట్లు ఎక్కడ అడ్డం పడతాయో ముందే చెప్పడం ఆట పెట్టినవాళ్ళ బాధ్యత. మూడు ముక్కలాటలో సీక్వెన్స్ కలర్‌ను కొడుతుంది, పోకర్‌లో కలర్ సీక్వెన్స్‌ను కొడుతుంది. ఇది ఎవరో ఇష్టం వచ్చినట్టు మార్చింది కాదు. 52 ముక్కల్లో మూడేసి తీస్తే వట్టి సీక్వెన్స్‌లు 720, వట్టి కలర్లు 1,096, కాబట్టి సీక్వెన్స్ అరుదు. ఐదేసి తీస్తే సీక్వెన్స్‌లు 10,200, కలర్లు 5,108, కాబట్టి కలర్ అరుదు. ఈ నాలుగు అంకెలు చెబితే కొత్తవాళ్ళు ఇక మరిచిపోరు.

అంతకంటే ప్రమాదకరమైనది జేబు. పోకర్‌లో ఆట మొదలైనప్పుడు బల్ల మీద ఎంత ఉందో అంతే పందెం. చాలనివాళ్ళు ఉన్నదంతా పెట్టి ఆల్-ఇన్ అవుతారు, పాట్‌ను చీల్చాలి. ముగ్గురు వరుసగా 1,000, 2,500, 4,000తో ఆల్-ఇన్ అయితే అసలు పాట్ 3,000, అది ముగ్గురిదీ. పక్క పాట్ మరో 3,000, అది ఇద్దరిదే. మిగిలిన 1,500 4,000 పెట్టినవారికే తిరిగి వెళ్ళిపోతాయి. "ఫర్వాలేదు, తర్వాత సర్దుకుందాం" అనే మాట ఇక్కడ వినపడకూడదు.

రమ్మీలో తప్పు షో పెడితే ఫుల్ కౌంట్, 80 పాయింట్లు నెత్తిన పడతాయి. ఆ భయంతో వచ్చినవాళ్ళు పోకర్‌లో చేతిలో ఉన్నది తప్పుగా చెప్పి, సిగ్గుపడి ముక్కలు విసిరేస్తారు. చెప్పాల్సింది ఇది: బల్ల మీద తెరిచి పెడితే చాలు, ముక్కల విలువే లెక్క, నోటి మాట కాదు. కలర్ ఉండి జత అని చెప్పినా కలర్ కలరే. బల్ల దగ్గరున్న ఎవరైనా ఆ తప్పు సరిదిద్దవచ్చు, సరిదిద్దాలి. కొత్తవాళ్ళ పట్ల దయ చూపాల్సిన చోటు ఇది.

పందెం దగ్గర దయకు చోటు లేదు. తన వంతులో "కాల్" అంటే కాల్, "రైజ్" అంటే రైజ్. కాల్‌కు సరిపడా చిప్స్ ముందుకు తోసి, ఎదుటివారి ముఖం చూసి, మళ్ళీ వెనక్కి చెయ్యి పెట్టి ఇంకొన్ని తేవడం కుదరదు. 100 కాల్ చేయాల్సిన చోట ఏమీ అనకుండా ఒక 500 చిప్ వేస్తే అది కాల్ మాత్రమే. కొత్తవారని ఒకసారి వదిలేద్దాం అనిపిస్తుంది. వదిలేస్తే నష్టపోయేది ఆ పందెం చూసి తన నిర్ణయం తీసుకున్న మూడో మనిషి. అందుకని నియమాన్ని మొదటిసారే అమలుచేసి, ఎందుకో నెమ్మదిగా చెప్పడమే మర్యాద.

ఆల్-ఇన్ తర్వాత ఇక పందేలు మిగలకపోతే ముక్కలు వెంటనే తెరవాలన్న నియమం కూడా సరదాకు పెట్టింది కాదు. ఒకరు కావాలని ఓడిపోయి తన చిప్స్ ఇంకొకరికి చేరవేయకుండా అది కాపలా. ఇంటి ఆటలో ఇద్దరు చాటుగా కుమ్మక్కవడం అరుదు, ప్రేమతో జరిగే మెతకదనమే ఎక్కువ. బావమరిది మీద రైజ్ చేయకపోవడం, భార్య బ్లైండ్‌ను ముట్టుకోకపోవడం, "నువ్వు చిన్నవాడివి, పో" అని వదిలేయడం అన్నీ మూడో ఆటగాడి చిప్స్‌తో చేసే ఉపకారాలు. ఒక ఆటలో ఒక చేతికి ఒకే బుర్ర. ఫోల్డ్ చేసిన భర్త పక్కన కూర్చుని సలహా ఇవ్వకూడదు. రెండు బల్లలుంటే దంపతులను వేరువేరుగా కూర్చోబెట్టడం తేలికైన మార్గం.

భాష కూడా న్యాయమే. అమెరికా కార్డు రూముల్లో ఆట సాగుతుండగా ఇంగ్లీషు తప్ప మరో భాష వద్దన్న నియమాన్ని మనవాళ్ళలో కొందరు అవమానంగా తీసుకున్నారు. దాని ఉద్దేశం, ఇద్దరు మాట్లాడుకునేది మిగతావాళ్ళకు అర్థం కావాలన్నదే. మన ఇంట్లో అందరూ తెలుగువాళ్ళైతే హాయిగా తెలుగే. తెలుగు రాని పొరుగువారో సహోద్యోగో ఒక్కరున్నా, చేతుల్లో ముక్కలున్నంతసేపు వారికి అర్థమయ్యే భాషే మాట్లాడాలి. ఆట ముగిసి చిప్స్ పోగు చేసుకునేటప్పుడు ఎన్ని కబుర్లైనా చెప్పుకోవచ్చు.

తీర్పు ఎవరిదన్న ప్రశ్నను చాలా ఇళ్ళు వాయిదా వేస్తాయి. ఆట పెట్టినవారే ఆడుతుంటారు కాబట్టి, వాళ్ళు ఉన్న పాట్‌లో వివాదం వస్తే తీర్పు చెప్పే రెండో మనిషిని ముందే అనుకోవాలి. తీర్పు వచ్చాక ఆట సాగాలి, చర్చ విరామంలో. పంచేటప్పుడు ఒక ముక్క తెరుచుకుంటే దాన్ని మొదటి బర్న్ ముక్కగా పక్కన పెట్టడం, రెండు తెరుచుకుంటే మళ్ళీ పంచడం లాంటి చిన్న విషయాలు ఒక కాగితం మీద రాసి గోడకు అంటిస్తే సగం వాదనలు పుట్టవు.

ముగింపు దశలో ఇళ్ళు తప్పు చేసే చోట్లు రెండు. ఇద్దరే మిగిలినప్పుడు బటన్ ఉన్నవారే స్మాల్ బ్లైండ్ కడతారు, ఫ్లాప్‌కు ముందు మొదట ఆడతారు, ఆ తర్వాత చివర ఆడతారు. చాలా ఇళ్ళలో దీన్ని తిరగేస్తారు. ముగ్గురి నుంచి ఇద్దరికి తగ్గే ఆటలో, ఎవరూ వరుసగా రెండుసార్లు బిగ్ బ్లైండ్ కట్టకుండా బటన్‌ను సర్దాలి.

రెండోది పంపకం. డబ్బు పెట్టి ఆడటం చట్టం ఒప్పుకునే చోట, పదిమందిలో ముగ్గురికి 50, 30, 20 శాతాల బహుమతి సరిపోతుంది. తలా 20 డాలర్లైతే మొత్తం 200: మొదటికి 100, రెండుకు 60, మూడుకు 40. ఇద్దరు మిగిలాక పొద్దుపోయిందని పంచుకుందామంటే చిప్స్ నిష్పత్తిలో మొత్తం 160ని చీల్చకండి, తక్కువ చిప్స్ ఉన్నవారికి రెండో బహుమతి ఎలాగూ ఖాయమన్న సంగతి అందులో కొట్టుకుపోతుంది. ముందు ఇద్దరికీ 60 చొప్పున పక్కన పెట్టి, మిగిలిన 40ని చిప్స్‌ను బట్టి పంచాలి. 30,000, 20,000 ఉంటే 24, 16 వస్తాయి, అంటే 84, 76. ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే ఇది చెల్లుతుంది. ఒక్కరు వద్దన్నా ఆట సాగాలి, ఆ రాత్రికి ఆ ప్రస్తావన మళ్ళీ తేకూడదు.